తడి గుడ్డ

కాటారం వైపు ఈమధ్య వరి పొలాల మీద డ్రోన్‌తో మందు కొట్టిస్తున్నారు. మొన్న టీకాల పని మీద ఒక ఊరికి వెళ్ళి, తిరుగు బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డాను. ఎదుటి పొలం మీద అది రొద చేసుకుంటూ తిరుగుతోంది. గట్టు మీద నలుగురైదుగురు తలలెత్తి చూస్తున్నారు. పనివాళ్ళు కారు, వింత చూడటానికి వచ్చినవాళ్ళు. గాలి మా వైపే వీస్తోంది. వాసన తగలగానే వాళ్ళలో ఒక పెద్దాయన మెడలోని తువ్వాల తీశాడు. సీసాలో నీళ్ళు దాని మీద పోసి, పిండి, ముక్కూ నోరూ కప్పుకొని వెనక ముడి వేసుకున్నాడు.

నాకు నోరు కాస్త పెద్దదే. ఏఎన్‌ఎం ఉద్యోగంలో ఊళ్ళు తిరిగీ తిరిగీ కాళ్ళు అరిగాయి, గొంతు మాత్రం పెరిగింది.

"ఓ పెద్దయ్యా! ముందుగాల ఆ గుడ్డ తియ్యి!" అని రోడ్డు మీది నుంచే అరిచాను.

ఆయన బిత్తరపోయాడు. "ఏందమ్మా? వాసనకు కట్టుకున్న."

"వాసనొస్తే ఇవుతలికి రా. గాలి మీదికి రాని దిక్కు నిలవడు. తడి గుడ్డ మాత్రం కట్టుకోకు."

"తడిగుంటెనే గదమ్మా మందు లోపలికి పోదు. గది అందరికి ఎర్కే."

అందరికీ ఎరుకే. ఇక్కడివాళ్ళకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. పెద్దవంగర దగ్గర నేను పనిచేసిన ఊళ్ళో ఎవరు చెప్పారో తెలుసు. బస్సు వచ్చింది, ఎక్కాను. భూపాలపల్లి చేరేదాకా ఆ ఊరికి అది చెప్పినామె నా పక్క సీట్లో కూర్చున్నట్టే ఉంది.

పేరు రాయను. ఆమె కొడుకు ఇంకా ఆ ఊళ్ళోనే వ్యవసాయం చేసుకుంటున్నాడు.

మొదట నాకు పరిచయమైంది ఆమె కుడి చెయ్యి. బీపీ చూద్దామని చెయ్యి చాపమంటే ఎడమది చాపింది. కుడిది కొంగు కింద దాచుకుంది. దాచినదాన్ని చూడకుండా వదిలే అలవాటు నాకు లేదు. మణికట్టు పైదాకా తోలు మచ్చలు మచ్చలుగా తెల్లబడి ఉంది. గోళ్ళు పలచబడి, అంచులు పైకి లేచి ఉన్నాయి. వేలి కొసలు నొక్కితే ఆమెకు తెలియలేదు.

"ఏమైందక్కా?"

"గిది మందు కలిపే చెయ్యి. నాది గాదనుకో. పనిది."

అని నవ్వింది. నిజంగానే ఆమె ఆ చేతిని పరాయిదాన్ని చూసినట్టు చూసేది. చాయ్ గ్లాసు ఎడమ చేత్తోనే పట్టుకునేది. వాకిట్లో పిల్లలు చేరితే మాత్రం కుడి చేత్తో పొయ్యి మీది గంజు మూత ఎత్తి చూపించేది. "సూడుండ్రి, మీ చేతులైతె కాలుతయ్. నాది కాలదు." పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. మూత దించాక ఆ వేళ్ళ మీద బొబ్బ లేస్తుందని వాళ్ళకు తెలియదు. అది లేచిన సంగతి ఆమెకూ మర్నాడు చూసుకుంటేనే తెలిసేది. నేను తిట్టేదాన్ని. తిట్టినంతసేపూ నెమ్మదిగా విని, "అయిపోయిందా? ఇగ చాయ్ తాగు" అనేది.

డ్రమ్ములో నీళ్ళు పోసి, మందు పోసి, ఆ చేతిని మోచేతి దాకా ముంచి కలిపేదట. కట్టెతో కలపొచ్చు గదా అన్నాను. "కట్టెకేం తెలుస్తది? అడుగున పేరుకున్నది చేతికే తెలుస్తది" అంది. పత్తికీ మిరపకూ అన్నిటికీ అలాగే కలిపింది. మొగవాళ్ళు పంపు వీపుకు తగిలించుకొని మందు కొడితే, డ్రమ్ము దగ్గర నిలబడి కలిపి అందించేది ఆడవాళ్ళే కదా. మందు కొట్టినవాడి గురించి అడిగేవాళ్ళు ఉన్నారు గాని, కలిపిన మనిషి గురించి అడిగినవాళ్ళు నాకు కనిపించలేదు.

మాది జనగామ అని తెలిసిన రోజు నుంచి ఆమె నన్ను పిలిచే పిలుపు మారిపోయింది. ఊరందరికీ నేను సిస్టరమ్మనే. ఆమెకు మాత్రం చెల్లెను. ఆమె తల్లిగారిల్లు జనగామ పక్కనే, కంకర మిషన్లున్న ఊరు. "మా తల్లిగారి దిక్కు పిల్ల" అని ఊరంతా చెప్పుకొచ్చింది. తర్వాత ఆ వాడకు నేను ఏ పని మీద వెళ్ళినా ఆమె ఇంట్లో చాయ్ తాగకుండా తిరిగి రావడానికి లేదు. చాయ్ చిక్కటి చక్కెర పాకంలా ఉండేది, నాకు గొంతు దిగేది కాదు. అయినా తాగేదాన్ని.

గుడ్డ సంగతి ఆమె చెప్పింది అలాంటి ఒక చాయ్ పూటే.

వాళ్ళ బాపు కంకర మిషన్ దగ్గర రాళ్ళు మోసేవాడు. అక్కడ దుమ్ముకు మనిషికి మనిషి కనిపించడు. వాళ్ళమ్మ రోజూ పొద్దున పాత చీర పేలిక తడిపి ఆయన ముక్కుకు కట్టి పంపేది. సాయంత్రం విప్పితే గుడ్డ బయటివైపు తెల్లగా, బురద పూసినట్టు ఉండేది. లోపలివైపు శుభ్రంగా ఉండేది. "మా బాపుతోని పనిచేసినోళ్ళంత దగ్గి దగ్గి పోయిన్రు చెల్లె. మా బాపు నా పెండ్లి జేసి, మనుమని ఎత్తుకొని పోయిండు. గుడ్డ పుణ్యమే."

పెళ్ళయి ఇక్కడికి వచ్చింది. మొగడు పత్తికి మందు కొడుతుంటే ముక్కుకు ఏమీ లేదు. ఆమె చిన్నప్పుడు చూసినదే చేసింది. తన పాత చీరల్లో బాగా మెత్తబడిన నూలు చీర చూసి, ఆయన గడ్డానికి గుచ్చుకోకుండా అంచు తీసేసి చింపింది. తడిపి, పిండి, కట్టి పంపింది.

ఎలా కట్టేదో నాకు చేసి చూపించింది. కదలకుండా కూర్చోమంది. నా చేతి రుమాలే తడిపి, వెనక నిలబడి ముక్కు మీదుగా చుట్టింది. ఆమె నాకు కనిపించడం లేదు. మెడ వెనక వేళ్ళు మాత్రం తెలుస్తున్నాయి. ఎడమ చేతి వేళ్ళు మెత్తగా, కుడివి మొద్దుగా. ఒక ముడి వేసి, గట్టిగా ఉందో లేదో లాగి చూసి, ఇంకో ముడి వేసింది. తర్వాత భుజం మీద ఒక్క చరుపు చరిచింది.

"పో ఇగ! గిట్లనే అనేదాన్ని రోజు. చరువక పోతే ఆయన కదలకపోయేది. మరిచినవే అని అక్కడ్నే నిలవడేది."

ఎండకు గుడ్డ ఆరిపోతే ఆయన చేలో నుంచి చెయ్యి ఎత్తేవాడట. ఆమె బిందె పట్టుకొని సాళ్ళ వెంట పరిగెత్తి, ముడి విప్పకుండానే ముఖం మీద నీళ్ళు చిలకరించేది. పక్క చేల ఆడవాళ్ళు చూశారు. ఆమె దగ్గర నేర్చుకున్నారు. పక్క తండావాళ్ళు కూడా నేర్చుకున్నారు. ఏ చెలకలో చూసినా పంపు వేసుకున్న మొగవాడి ముక్కుకు తడి గుడ్డ, ఆ గుడ్డ కట్టిన ఆడమనిషి డ్రమ్ము దగ్గర. "ఊరందరికి నేనే నేర్పిన" అని చెప్పేటప్పుడు ఆమె గొంతులో గర్వం ఉండేది. జీవితంలో ఆమెకు గర్వపడటానికి దొరికింది అదొక్కటే. మంచి ఉపాయమే అని నేనూ అనుకున్నాను.

ఆయన్ని నేను చూడలేదు. నేను ఆ ఊరికి బదిలీ అయ్యేనాటికే పోయాడు. మిరపకు తామర పురుగు పట్టిన ఏడు, దుకాణాయన చెప్పినట్టు రెండు మూడు మందులు కలిపి కొట్టాడట. గాలి ఉన్నా ఆగలేదు. ఆగితే తోట మిగలదు. సాయంత్రానికి వాంతులు, నోటి వెంట చొంగ, కాళ్ళూ చేతులూ గుంజడం. కళ్ళల్లో నల్లగుడ్డు ఆవగింజంత అయిందని ఆమె చెప్పింది. తొర్రూరు దాకా ఆటోలో, అక్కణ్ణుంచి అంబులెన్సులో పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. మనిషి తిరిగి రాలేదు.

ఇదంతా ఆమె ఏడవకుండానే చెప్పేది. "నేను చేసేదంత చేసిన చెల్లె. ఆయన పానం అంతనే ఉన్నది" అని ముగించేది. ఎన్నిసార్లు చెప్పినా ఆ మాటతోనే ముగించేది. ఆ మాట ఆమెకు ఎంత ఆసరాగా ఉండిందో నాకు తర్వాత తెలిసింది.

వానాకాలం మొదట్లో ఒకరోజు రైతువేదికలో మీటింగ్ పెట్టారు. నన్ను కూడా బీపీ, షుగర్ చూడమని పిలిచారు. ఒక మూల నా బల్ల వేసుకున్నాను. వ్యవసాయ శాఖ నుంచి వచ్చిన అమ్మాయి చిన్నదే అయినా బాగా మాట్లాడింది. చేతి తొడుగులు, కళ్ళద్దాలు, మాస్కు ఒక్కొక్కటే ఎత్తి చూపించింది. ఎవరో ముసలాయన ఆవలిస్తూ, "మాకెందుకమ్మా గవన్ని? మేం తడి గుడ్డ కట్టుకుంటం" అన్నాడు.

ఆ అమ్మాయి చేతిలోది కింద పెట్టింది.

"తాతా, దుమ్ముకైతే తడి గుడ్డ మంచిదే. దుమ్మును ఆపుతది. మందు దుమ్ము కాదు గదా. తుంపర తడి గుడ్డకు అంటుకుంటది. అంటుకొని మీ ముక్కు దగ్గర, మూతి దగ్గర అట్లనే ఉంటది. పొద్దంత మీరు దాంట్ల నుంచే గాలి పీలుస్తరు. మళ్ళ నీళ్ళు పోస్తే ఆ మందు నోట్లెకే జారుతది."

అందరూ నవ్వుతూ అక్కడే కూర్చున్న మా అక్క వైపు తిరిగారు. "ఏందక్కా, గిట్లంటున్నది? మాకు నేర్పింది నువ్వే గదనే!" ఆమె కూడా నవ్వింది. కాసేపు నవ్వు ముఖంతోనే కూర్చుంది. తర్వాత లేచి నా బల్ల దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. ఈసారి కుడి చెయ్యి. నేను పట్టీ చుట్టి గాలి నింపుతున్నాను.

"చెల్లె, ఆ పిల్ల చెప్పింది నిజమేనా?"

"గుడ్డ ఒక్కటే గాదక్కా. అంగీ తడుస్తది, వీపు మీదికి కారుతది, చేతులకు…"

"నేను గుడ్డ సంగతి అడుగుతున్న."

అబద్ధం చెప్పి ఉండొచ్చు. ఆ అమ్మాయి తన ఊరికి తిరిగి వెళ్ళిపోతుంది, అక్క నా మాట నమ్ముతుంది. కానీ ఆమె కొడుకు ఆ రోజు కూడా చేలోనే ఉన్నాడు. కోడలు పొద్దున్నే గుడ్డ తడిపి కట్టి పంపి ఉంటుంది, అత్త నేర్పినట్టే.

"నిజమే అక్కా" అన్నాను.

పట్టీలో గాలి దిగుతోంది. ఆమె దాన్నే చూస్తోంది.

"ఆటోల పోతుంటె ఊపిరాడ్తలేదన్నడు చెల్లె. మెడలనే ఉండె గుడ్డ, చేల కట్టుకున్నదే. సల్లగుంటదని మళ్ళ తడిపి మొకం మీద పెట్టిన. తీయమన్నట్టు చెయ్యి ఊపిండు. జరంత ఓర్సుకో, సల్లగుంటది అని ఒత్తిపట్టిన. తొర్రూరు దాక ఒత్తిపట్టిన."

మందు అప్పటికే లోపలికి పోయింది, గుడ్డ తీసినా దక్కేవాడు కాదేమో అన్నాను. అది నిజమే కావచ్చు. ఆమె వినలేదు. పట్టీ తనే విప్పి బల్ల మీద పెట్టి, చెప్పులు కూడా మరిచిపోయి బయటికి నడిచింది.

నేను చెప్పులు పట్టుకొని వెనకాలే వెళ్ళాను. చేను దాపునే ఉంది. నేను గట్టెక్కేసరికి ఆమె సాళ్ళ మధ్య కొడుకు ముఖానికి చెయ్యి వేసి గుడ్డ లాగుతోంది. పంపు వీపున ఉంది, వాడు వెనక్కి తూలుతున్నాడు. డ్రమ్ము దగ్గర కోడలు మగ్గు పట్టుకొని అలాగే నిలబడిపోయింది.

"అవ్వా! అందరు చూస్తున్నరే! ఊపిరాడనియ్యవా ఏంది?"

"ఊపిరాడాల్ననే గుంజుతున్న బిడ్డా!"

గుడ్డ తీసి మట్టిలో పడేసింది. వాడి మూతిని తన పొడి కొంగుతో తుడిచి, తుడిచి, ఆ కొంగు వాసన చూసుకుంది. నేను ఆ చెప్పులు పట్టుకొని గట్టు మీదే ఉండిపోయాను.

కొడుకు మందు కొట్టడం మానలేదు. మానడానికి పురుగు మానాలి కదా. కాకపోతే గాలి లేనప్పుడే కొట్టేవాడు, స్నానం చేశాకే ముద్ద ముట్టేవాడు, అదీ తల్లి చూస్తున్నప్పుడు. ఆమె నా దగ్గరికి వచ్చి, "కరోనప్పటి మాస్కులు ఏమన్న ఉన్నయా చెల్లె?" అని అడిగింది. ఉన్నవన్నీ ఇచ్చాను. ఇవి దీనికి చాలవని కూడా చెప్పాను. "తడి గుడ్డ కంటె నయమే గద?" అంది. పొడిగా ఉన్నంతసేపు నయమే కావచ్చన్నాను. వాటిని కొంగులో కట్టుకొని పోయింది.

ఆ తర్వాత ఆమె ఊరి మీద పడింది. పొద్దున్నే చేల వెంట తిరిగి, కనిపించిన మొగవాడి ముఖం మీది గుడ్డ లాగేది. కొందరు నవ్వారు, కొందరు కసిరారు. కట్టుమన్నదీ ఆమే, ఇడ్వమన్నదీ ఆమే, ముసలిదానికి మతి తప్పింది అన్నారు. "నా మాట ఇంటలేరు చెల్లె. నువ్వు జర వచ్చి చెప్పు" అంటే తోడు వెళ్ళాను. ఒక ఇంట్లో మొగడు మంచంలో కూర్చొని దగ్గుతున్నాడు. ఏడాదిగా దగ్గే. భార్య మా ఇద్దరికీ నీళ్ళిచ్చి, గోడకు ఆనుకొని అంతా విన్నది.

"నీ మాట ఇని నా చేతులతోని కట్టిన గదక్కా. గిన్నేండ్లు కట్టిన. ఇప్పుడొచ్చి గిట్లంటవేంది?"

తిట్టినట్టు కూడా అనలేదు. అడిగింది, అంతే. మా అక్క నీళ్ళ గ్లాసు నిండుగా అలాగే కింద పెట్టి లేచింది. దారిలో నాతో, "నేర్పేటప్పుడు ఒక్కలు గూడ గిట్ల అడుగలే" అంది. ఆ రోజు నుంచి తిరగడం తగ్గించింది.

"నేను చేసేదంత చేసిన" అన్న మాట మళ్ళీ ఆమె నోట వినలేదు. పిల్లల ముందు మూత ఎత్తి చూపించడం కూడా మానేసింది. ఒకసారి సబ్‌సెంటర్‌లో జ్వరం పిల్లాడికి తడి గుడ్డతో ఒళ్ళు తుడవమని తల్లికి చెబుతున్నాను. మూలన కూర్చున్న ఆమె గబుక్కున లేచి వెళ్ళిపోయింది.

మరుసటి ఏడు ఆమె కాళ్ళు ఉబ్బాయి. కిడ్నీలు పాడయ్యాయన్నారు. ఏం పని చేస్తావని డాక్టరు అడిగితే వ్యవసాయమని చెప్పింది. బీపీ వల్ల అని రాశారు. ఏళ్ళ తరబడి ఆ చెయ్యి డ్రమ్ములో మునిగిందని ఏ కాగితం మీదా లేదు. మందు వల్లే అని నేను చెప్పలేను. కాదనీ ఎవరూ చెప్పలేరు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

చివరిసారి చూసింది వాళ్ళింట్లోనే. ఎండ ఇంకా వాకిట్లో ఉంది. మంచంలో ఆమె సగమైపోయింది. ఒళ్ళు ముట్టుకుంటే కాలిపోతోంది. మాత్రలు వేసినా జ్వరం దిగడం లేదని, తడి గుడ్డ పెడదామంటే పెట్టనివ్వడం లేదని కోడలు చెప్పింది.

"నీళ్ళు తేమ్మా, నేను పెడత" అన్నాను.

కోడలు గిన్నెలో కుండ నీళ్ళు తెచ్చింది. నా రుమాలు ముంచి, గట్టిగా పిండి, ఆమె నుదుటి దాకా తెచ్చాను. కళ్ళు మూసుకునే ఉంది, నిద్రపోతోందనుకున్నాను. ఆ తెల్లబడిన చెయ్యి లేచి నా మణికట్టు పట్టుకుంది. తడి ఆ వేళ్ళకు తెలియదు. నీళ్ళ చప్పుడు విని ఉంటుంది.

"తడి గుడ్డ వద్దు చెల్లె."

"మంచి నీళ్ళే అక్కా. కుండల నీళ్ళు. నేనే పిండిన."

"ఆయనకు గూడ మంచి నీళ్ళతోనే తడిపిన చెల్లె."

రుమాలు గిన్నెలో పడేశాను. నా చెయ్యి కొంగుకు పొడిగా తుడుచుకొని ఆమె నుదుటి మీద పెట్టాను. వద్దనలేదు. ఆ వేడి నా అరచేతిలోకి ఎక్కుతుంటే, కోడలు దీపం పెట్టే వేళ దాకా అలాగే కూర్చున్నాను.